ఏడో పాతర

ఇప్పలపల్లె, చొప్పదండి దగ్గర.
9 జనవరి 1964.

దేవసహాయం అన్నకు,
చెల్లె ఆనందమ్మ ప్రభువు పేర వందనాలు చెప్పి రాసేది.

క్రిస్మస్‌కు వస్తనని రాసి రాలేదు. మందమర్రిలో బొగ్గుబాయి పండుగ నాడు కూడా నడుస్తదా అని పెద్దవ్వ అడిగితే నడుస్తదని చెప్పిన. నీ కోసం అబద్ధమాడిన, గుర్తుంచుకో. నీ వాటా గారెలు కూడా నేనే తిన్న.

ఇగ అసలు సంగతి. మన బాపు పౌలు ముప్పై ఏండ్లు జీతమున్న ఇల్లు, నువ్వూ నేనూ పశువుల కొట్టం పక్క గుడిసెలో పెరిగిన ఇల్లు, పాత వస్తువులు చూపించే అజాయబ్‌ఘర్ అయితున్నది! నవ్వకు. బడి పెద్దసారు అంబదాస్ గారు మూడు నెలల సంది ఊరూరు తిరిగి పాత సామాన్లు పోగు చేసిండు. బావి మోట, తోలుబొక్కెన, గుమ్ములు, మానికలు, నిర్మల్ రంగులేసిన ఉయ్యాల. అన్నింటికీ అట్టముక్కల మీద పేర్లు రాసి కట్టిండు. నిన్న రాజయ్య తాత చూడవచ్చి, తాను మొన్నటిదాకా దున్నిన నాగలి తాడు అవతల కనపడేసరికి, "అరె, గిది నాదే గదనె! ముట్టద్దని రాసిన్రేంది?" అని కొట్లాటకు దిగిండు.

మన పెద్దవ్వ చంద్రవ్వ పటేలమ్మ ఇంత ఇంటిని సమితోళ్లకు ఊరికే ఎందుకు రాసిచ్చిందని ఊరంతా ఒకటే గుసగుస. నాకు మాత్రం చెప్పింది. "ఊరూరికెల్లి మనుషులు వస్తరట బిడ్డా. గాళ్లల్ల నా వెంకటిని యాడనన్న చూసినోడు ఒక్కడుండడా?" అన్నది. కొడుకు పోయి పదహారేండ్లు. నా పెనిమిటి చనిపోయినంక పెద్దవ్వ నన్ను ఇంట్లోకి పిలిచి, తన వంటింట్లో పొయ్యి ముట్టనిచ్చి, నా చేతి బువ్వ తింటున్నది. ఊళ్లో ఎవరేమన్నా ఖాతరు చేయలే.

ముందు అర్రలో వెంకటి ఫోటో పెట్టి, గోడ మీద సారు పెద్ద అక్షరాలతో రాయించిండు: "ఈ ఇంటి బిడ్డ వెంకటి 1948 శ్రావణ మాసమున, ఇంటి జీతగాడు దేవసహాయం తోడుగా ఇక్కడి నుండి తప్పించుకొని, గోదావరి దాటి చాందా దారి పట్టెను." నీ పేరు గోడ మీద ఉన్నదన్నా! ఉగాది దాటిన సోమవారం, ఏప్రిల్ ఇరవైన ఇల్లు తెరుస్తరు. నువ్వు వచ్చి ఆ దినం ముచ్చట నీ నోటితో అందరికీ చెప్పాలని సారు మాట, పెద్దవ్వ మాట, నా మాట.

ఇంకో రెండు ముచ్చట్లు. కొట్టం దులుపుతుంటే గడ్డికప్పు సందులో వెంకటి కిర్రుచెప్పులు దొరికినయి. మన బాపు కుట్టినవే, మడమ కాడ ఆ మూడు కుట్లు నేను గుర్తుపట్టిన. పెద్దవ్వ వాటిని ఒళ్లో పెట్టుకొని పొద్దంతా కూసున్నది. రెండోది, వాకిట్లో జొన్నలు దాచే పాతర్లు ఏడు ఉండె గదా. ఆరు వానకు కూలినయి. ఏడోదాని మూతబండ చెక్కుచెదరలేదు. దాన్ని తెరిచి, పూర్వం భూమిలో గింజలు ఎట్ల దాచేటోళ్లో బడి పిల్లలకు చూపిస్తరట. మేస్త్రీని కూడా మాట్లాడిన్రు.

జవాబు వెంటనే రాయి. నీ ఉత్తరం వస్తే చదివేదాకా పెద్దవ్వ నన్ను నిలవనియ్యదు.

నీ చెల్లె,
ఆనందమ్మ.


మందమర్రి.
21 జనవరి 1964.

చెల్లె ఆనందమ్మకు అన్న దీవెనలు.

నీ ఉత్తరం అందింది. పెద్దవ్వకు నా దండాలు చెప్పు. ఇల్లు నలుగురు చూసే జాగ అయినందుకు సంతోషం. నేను బాయి మీద లాంపు రూంలోనే ఉన్న. పొద్దున దిగేటోళ్లకు దీపాలిచ్చుడు, ఎక్కినంక తీసుకొని తుడిచి పెట్టుడు. ఏప్రిల్‌లో సెలవు దొరకదు. నా తరఫున సారే నాలుగు మాటలు చెప్తే బాగుంటది. నేను మాటకారిని కాదని పెద్దవ్వకు తెలుసు.

దేవసహాయం.

(ఈ రెండో కాగితం చదివి వినిపించకు.)

చెల్లె, ఏడో పాతర తెరవనియ్యకు. ఏమన్నా చేయి. అందులో చెడుగాలి ఉంటదని చెప్పు, మనిషి దిగితే పాణం పోతదని చెప్పు. అది అబద్ధం కాదు, పదేండ్ల సంది బాయి మీద అదే చూస్తున్న. కావాలంటే మూడోదాన్నో నాలుగోదాన్నో తవ్వి బాగు చేసుకొమ్మను. మేస్త్రీ వద్దు. ఎవరూ వద్దు.

ఆ చెప్పులు కూడా బయట పెట్టనియ్యకు. ఎలుకలు కొరికినయని పారేయి. ఎందుకని అడగకు. చిన్నప్పుడు నేను కూసో అంటే కూసున్నవు, లే అంటే లేచినవు. ఇప్పుడు కూడా అట్లనే విను.


ఇప్పలపల్లె.
3 ఫిబ్రవరి 1964.

అన్నకు,

మొదటి కాగితం చదివిన. రెండోది కొంగు కింద పెట్టుకున్న. పెద్దవ్వకు చదువు రాదు గాని చెవులు పాముచెవులు. "రెండు కాయిదాలు మడత ఇప్పినవు గదనె. ఒక్కటే సదివినవేంది?" అన్నది. తలనొప్పికి మందు పేరు రాసిండని చెప్పిన. "నీకు తలనొప్పి ఎప్పటి సంది?" అన్నది. అప్పటి సందే మొదలైంది, నిజంగా.

నేనేమన్నా చిన్నపిల్లనా, అడగకు అంటే ఊకుండనీకి? నీ అక్షరాలు చూసిన. మొదటి కాగితంలో నిలబడి ఉన్నయి, రెండోదాంట్లో పడిపోతున్నయి.

సారుతో చెడుగాలి సంగతి చెప్పిన. నవ్విండు. "దీపం దించి చూస్తం ఆనందమ్మా. దీపం ఆరితె దిగం. గది కూడ తెల్వకుంటనె తెరుస్తమా?" అన్నడు. పక్కనే ఉన్న పెద్దవ్వ, "మూత తీసి ఒక దినం ఉంచాలె. తెల్లారి దీపం దించాలె. మా అత్త కాలం సంది గదే పద్ధతి. నేను దగ్గరుండి చెప్త తియ్యి," అన్నది. ఆమెకే హుషారుగా ఉంటే నేనేం ఆపుదు?

చెప్పులు అప్పటికే గాజుబీరువాలో పెట్టిన్రు. తాళం సారు దగ్గర.

నీకు ఒకటి చెప్త. నేను కూడా ఆ పాతర దిక్కు పోను. వాకిలి ఊడ్చేటప్పుడు ఆ బండ చుట్టూ వదిలేస్త. పెద్దవ్వ తిట్టినా సరే. ఎందుకో ఇక్కడ రాయను. నీ ఉత్తరం చదివినంక నాకు పగటి పూట కూడా ఆ వాకిట్లో ఒంటరిగా నిలబడబుద్ధి అయితలేదు.

పెద్దవ్వ కోరింది రాస్తున్న. వెంకటిని గోదావరి దాటించిన ముచ్చట మొదటి నుంచి మళ్లా రాయమన్నది. ఏ రేవు, ఏ పొద్దు, ఏమేం మాట్లాడిండు. సారుకు కూడా గోడ మీద రాయనీకి రేవు పేరు కావాలట.

ఆనందమ్మ.


మందమర్రి.
16 ఫిబ్రవరి 1964.

చెల్లెకు, పెద్దవ్వకు,

పెద్దవ్వా, నువ్వు అడిగినట్టు రాస్తున్న. నువ్వు జగిత్యాలలో మీ అన్న ఇంట్లో ఉన్న దినాలవి. వెంకటి చావడి మీద మూడురంగుల జెండా కట్టి నాలుగు వారాలు దాగి తిరిగి, నిన్ను చూసిపోదామని ఇంటికి వచ్చిండు. తుపాకులోళ్ల లారీ ఊళ్లోకి వస్తున్నదని తెలిసింది. ఇద్దరం జొన్నచేన్ల నడుమ నుంచి పోయినం. రెండో దినం ధర్మపురి కాడ పడవ ఎక్కినం. గోదావరి నిమ్మళంగా ఉన్నది. అవతలి ఒడ్డున దిగి, "అవ్వకు పైలమని చెప్పు, పంట ఇంటికి వచ్చేవరకు వస్త," అన్నడు. నవ్వుకుంటూ పోయిండు. చెట్లు అడ్డమొచ్చేదాకా చూసి నేను మళ్లిన.

అంతే పెద్దవ్వా. ఇంకేం లేదు.

దేవసహాయం.

(చదవకు.) ఇది చాలా? విని ఏమన్నది? ఏమన్నా అనుమానంగా చూసిందా? చెల్లె, మొన్న దీపం ఇయ్యబోయి రెండుసార్లు కింద పడేసిన. బాయి సర్దారు నన్ను దవాఖానాకు పొమ్మన్నడు. పాతర సంగతి ఏమైంది? ఒక్క కార్డు ముక్క రాయి.


ఇప్పలపల్లె.
4 మార్చి 1964.

అన్నకు,

నీ ఉత్తరం చదివి వినిపించినప్పుడు పెద్దవ్వ గాజుబీరువా ముంగట కూసోని ఉన్నది. అయిపోయినంక అడిగింది.

"ఆనందం, వాడు ఏ చెప్పులతోని పోయిండే?"

వెంకటికి ఒక్కటే జోడు. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"నా కొడుకు చెప్పులు యాడ ఇడుస్తడు? దేవునికాడ ఇడుస్తడు. గింజ మీద కాలు పెట్టేటప్పుడు ఇడుస్తడు. పానం మీదికి వచ్చినా వాడు లచ్చిమిని తొక్కడు. శ్రావణంల గా బురదల, గా ముండ్లల్ల చాందా దాక ఉత్త కాళ్లతోని పోతడా? ఇడిసినోడు గడ్డికప్పుల దాస్తడా?"

లేచి వాకిట్లోకి పోయి నిలబడ్డది. ఎటు చూస్తున్నదో చూడనీకి నాకు ధైర్యం సాలలే.

ఇంకోటి. అంబదాస్ సారు మొన్న ధర్మపురి పోయి, అక్కడి ముసలి పడవాయనను అడిగి వచ్చిండట. ఆ శ్రావణంలో గోదావరి రెండు దరులు ముంచి పారింది, పన్నెండు దినాలు పడవ నీళ్లలో దింపలేదు అన్నడట. సారు మంచోడు, "దేవసహాయానికి తేదీ యాది లేదేమో" అని ఊకున్నడు. నేను ఊకోలేను. "గోదావరి నిమ్మళంగా ఉన్నది" అని నువ్వే రాసినవు.

నాకు భయమైతున్నది. నిన్న అన్నం వండి, ఆమె పళ్లెంలో పెడుతుంటే ఆమె నా చేతినే చూస్తున్నది. ఏం చూస్తున్నదో అనుకొని చేయి వెనక్కి తీసుకున్న. ఇట్ల ఎన్ని దినాలు?

నిజం రాయి. ఏది రాసినా సరే. అబద్ధం ఇంకొకటి రాస్తే మాత్రం ఈ ఇంటికి ఉత్తరం రాయకు.

ఆనందమ్మ.


మందమర్రి.
14 మార్చి 1964.

చెల్లె,

గడియ వేసుకొని రాస్తున్న. పదహారేండ్లల్లో ఈ మాటలు ప్రార్థనలో కూడా పైకి అనలేదు.

వెంకటి ఎక్కడికీ పోలేదు. ఏడో పాతరలో ఉన్నడు.

ఆ పొద్దున జొన్నలు తీద్దామని నేను మూతబండ లేపిన. సగం గింజ ఉన్నది. తెల్లారి దీపం దించి చూసి దిగుదామనుకున్న. వెంకటి చేన్లనుంచి వచ్చి పాలు తాగుతుండె. ఇంతలో లారీ చప్పుడు. వెనక దర్వాజా దిక్కు కూడా మనుషులు కనపడ్డరు. పోనీకి తొవ్వ లేదు. "పాతర్ల దిగుత, మూత పెట్టు," అన్నడు. దిగబోయి, ఆగి, చెప్పులు విడిచిండు. లారీ గడప ముంగటికి వస్తున్నది, ఆయన చెప్పులు విడుస్తున్నడు! "గట్లనే దిగు వెంకటీ," అంటే, "గింజరా," అన్నడు. అంతే. అదే ఆఖరి మాట.

చెడుగాలి సంగతి నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. దీపం దించాల్సిన పాతర అది. అడగలేదు, చెప్పలేదు. కొద్దిసేపే గదా అనుకున్నం. బండ జరిపి, మన్ను మెత్తి, గడ్డి పరిచిన. చెప్పులు కొట్టం కప్పులో దోపిన. నువ్వు బాయికాడి నుంచి బిందెతో వచ్చినవు. నీకు చాట, జొన్నలు ఇచ్చి ఆ గడ్డి మీద కూసోబెట్టిన. "చెరుగు. ఎవరేమన్నా లేవకు," అన్న. పద్నాలుగేండ్ల పిల్లను. అక్కడ పిల్ల కూసుంటే వాళ్లు గడ్డి తిరగేయరనుకున్న. తిరగేయలేదు. తెల్లారి పొద్దెక్కేదాకా ఆ వాకిట్లోనే తిన్నరు, ఆ వాకిట్లోనే పన్నరు.

చెల్లె, కిందినుంచి కొట్టిండు. నేను పశువుల కాడ నిలబడి విన్న. నాలుగైదు మాట్లు కొట్టిండు. బండ లేపితే ఆయనను కాలుస్తరు, నన్ను కాలుస్తరు, నిన్ను లారీలో ఎక్కిస్తరు. నేను నీ దిక్కు చూసిన. నువ్వు తల వంచుకొని చెరుగుతున్నవు. నేను కదలలేదు. తర్వాత చప్పుడు లేదు.

వాళ్లు పోయినంక నిన్ను గుడిసెకు పంపి, బండ లేపి దీపం దించిన. మూరెడు లోపలికి పోకముందే ఆరింది. ఆ దీపం ముందటి దినమే దించాల్సింది.

తీసి ఎక్కడ పెడుదు? పటేలు కొడుకును జీతగాడు పాతరలో పూడ్చిండంటే మనోళ్ల వాడ ఒక్క గుడిసె మిగులునా? ఆ గింజ మీదనే ఉంచి, పైన మన్ను పోసి మూసిన. మన ప్రార్థన ఒకటి చెప్పిన, వాళ్ల మంత్రం నాకు రాదు. నాలుగు దినాలు అడవిలో కూసోని వచ్చి, గోదావరి దాటించిన అని చెప్పిన. వాసన వస్తే, నీళ్లు దిగి గింజ మురిగిందన్న. పెద్దవ్వ నమ్మింది. నాకు కొత్త ధోతి పెట్టింది. అది ఒక్కనాడు కట్టలేదు.

మేం ఇద్దరం ఒక్క ఈడు. ఆయన పటేలు కొడుకు, నేను జీతగాని కొడుకు. అయినా ఈత నేర్పింది నేనే, సైకిల్ నేర్పింది ఆయనే.

నీకు చెప్పకపోవడానికి ఒక్కటే కారణం. నువ్వు ఆయన మీద కూసోని ఉన్నవని నీకు తెలియొద్దనుకున్న. ఇప్పుడు చెప్పక తప్పలేదు. నీదేం తప్పు లేదు, నీకేం తెలియదు. చదివి కాల్చేయి. సారుతో ఏదన్నా చెప్పి పాతర ఆపు. నాకు పోలీసోళ్ల భయం ఉన్నది, లేదనను. పెద్దవ్వ ముఖమంటే అంతకన్నా ఎక్కువ భయం.

దేవసహాయం.


ఇప్పలపల్లె.
21 మార్చి 1964.

అన్నా,

నీకేం తెలియదు అని రాసినవు. నాకు తెలుసు.

నేను విన్న. నువ్వు పశువుల కాడ ఉన్నవు, నీకు చప్పుడే వినపడ్డది. నేను దాని మీద ఉన్న. గడ్డి కింద బండ అదిరింది, నా తొడకు తాకింది. మొదట పందికొక్కు అనుకున్న. రెండోసారి మనిషి అని తెలిసింది. ఎవరో కూడా తెలిసింది, పొద్దున పాలు నేనే ఇచ్చిన. ఎదురుగా మంచం మీద తుపాకీ పెట్టుకొని ఒకడు పుల్లతోని పండ్లు కుట్టుకుంటున్నడు. వాడు తల తిప్పి, "క్యా ఆవాజ్ హై?" అని ఆ చప్పుడేందని అడిగిండు.

నేను చాట గట్టిగా కొట్టిన. ఇంకా గట్టిగా. జొన్నలు కింద పడినా సరే కొట్టిన. కింద కొడుతున్నడు, పైన నేను కొడుతున్న, వాళ్లకు వినపడొద్దని. ఆయన ఆపినంక కూడా నేను ఆపలేదు. నా బొటనవేలు గోరు లేచిపోయింది. నువ్వు అడిగితే తలుపు సందులో పడ్డదన్న, యాది ఉన్నదా?

నాలుగు దినాల తర్వాత నువ్వు వచ్చి దాటించిన అంటే, నేను గుడిసె వెనక్కి పోయి ఏడ్చిన, సంతోషంతో. ఎప్పుడు తీసినవు, ఎట్ల తీసినవు అని ఒక్కమాట అడగలేదు. అడిగితే నువ్వు ఇంకేదన్నా చెప్తవేమోనని అడగలేదు. పదహారేండ్లు నీ అబద్ధం మీదనే పన్న, లేచిన. ఆమె పెట్టిన బువ్వ తిన్న. ఆమెకు తలకు నూనె పెట్టిన. చాట కొట్టిన ఈ చేతులతోనే.

నువ్వు రాసింది కాల్చలేదు.

నిన్న సారు ముగ్గుపిండితో పాతర చుట్టూ గీత గీసిండు. వచ్చే వారం మేస్త్రీ వస్తడు. పెద్దవ్వ ఆ గీత పక్కన కూసోని, "దేవసాయం కాయిదం వచ్చి మూడు దినాలాయె. ఎందుకు సదువుతలేవే?" అన్నది. కోపంగా అనలేదు. చిన్నగా అన్నది. ఆమె కూడా భయపడుతున్నదన్నా. ఆమె కనుక్కున్నది, నా నోటి నుంచి రావాలని చూస్తున్నది.

మేస్త్రీ గడ్డపారతో, పిల్లల నడుమ, ఆమెకు తెలియొద్దు. రేపు పొద్దున చర్చి నుంచి వచ్చినంక చదువుత. ఒక్క అక్షరం మార్చను. నా ముచ్చట కూడా చెప్త. నీ జవాబు వచ్చేవరకు ఆగితే ఇగ చదవలేను.

నా కోసం ప్రార్థన చేయి.

ఆనందమ్మ.


మందమర్రి.
27 మార్చి, మంచి శుక్రవారం.

చెల్లె,

చదవకు. చదవకు. ఇది నీకు అందేసరికి చదివి ఉంటవు, అయినా రాస్తున్న.

నీకు కూడా తెలుసని నాకు తెలియదు. నేను ఒక్కన్నే మోస్తున్న అనుకున్న. దేవుడా, అంత చిన్న పిల్లవు.

నిన్ను వెళ్లగొట్టిందా? కొట్టిందా? ఊరోళ్లకు చెప్పిందా? రాత్రి డ్యూటీ సర్దారు తలుపు కొడితే పోలీసోళ్లనుకొని మంచం కింద దూరిన. నలభై దగ్గరపడ్డ మనిషిని. ఈ రోజు గుడికి కూడా పోలేదు. పాస్టరు గారు రమ్మని మనిషిని పంపితే జ్వరమన్న.

నేను రాలేను. వద్దామని సంచి సర్దుకొని బస్సు కాడికి పోయిన. కాళ్లు ఎక్కలేదు. ఆమె ముంగట నిలబడి ఏమని చెప్పుదు? నువ్వు గుడిసెలోకి వెళ్లిపో, లేకుంటే ఇక్కడికి వచ్చేయి. ఒక్క ముక్క రాయి. ఏమన్నదో రాయి. ఏమన్నా సరే.

దేవసహాయం.


ఇప్పలపల్లె.
2 ఏప్రిల్ 1964.

దేవసాయం,

నేను చంద్రవ్వను. నేను చెప్తున్న, ఆనందం రాస్తున్నది. ఒక్క మాట సుత మార్చద్దన్న. నీ రెండు కాయిదాలు సదివింది, నిన్న వచ్చింది సుత సదివింది. చాట కొట్టిన ముచ్చట గూడ చెప్పింది. చెప్పకపోయినా నడుచు. నువ్వు రాయలేదు, నాకెట్ల ఎరుకైతది? అయినా చెప్పింది.

మూడు దినాలు దీని చేతి బువ్వ తినలే. పోయి నీ గుడిసెల పడుండుమన్న. పోయింది. నాలుగో నాడు నేనే పిలిసిన. ఇంత ఇంట్ల గా బండతోని ఒక్కదాన్ని ఉండలేకపోయిన. గంతకన్న ఏం లేదు.

నిన్ను మాఫ్ జేసిన అని రాయిమని పొద్దటి సంది ఏడుస్తున్నది. గది నేను రాయియ్య. వాడు నా కొడుకు. ఒక్క దీపం దించకపోతిరారా ఇద్దరు కలిసి? ఒక్క బుడ్డి దీపం. నేను ఇంట్ల ఉంటె దించుమనకపోదునా? నేను జగిత్యాల ఎందుకు పోయిన? మా అన్న బిడ్డ చీర పెట్టుడుకు పోయిన. గా చీర రంగు నాకు ఇప్పటికీ యాదికున్నది, ఏం జేసుకోను?

గా దినం నువ్వు బండ లేపితె ఏమైతుండెనో నాకు ఎరుకే. ముగ్గురు పోదురు. ఎరుకే. ఎరుకైతె మాత్రం కడుపు సల్లారుతదా?

పోలీసోళ్లని పరేషాన్ అయితున్నవట. నిన్న సారును తోలుకొని నేనే ఠాణాకు పోయిన. నా కొడుకు నా ఇంట్ల, నా పాతర్ల పానం ఇడిసిండు, నాకు ఎవలి మీద ఫిర్యాదు లేదు అని చెప్పి వేలిముద్ర ఏసి వచ్చిన. నీ మీది పావురంతోని, ప్రేమతోని కాదు. వాని పేరు మీద ఇంకో లొల్లి నాకు వద్దు. ఎముకలు తీసినప్పుడు ఒక జవాను వచ్చి చూసి పోతడట, గంతే.

సారు గోడ మీది రాత తుడిపిండు. ఏం రాయాలె అవ్వా అని అడుగుతున్నడు. ఇంక చెప్పలే. ఇరవై తారీకు ఇల్లు తెరుసుడు ఆపిన్రు. మేస్త్రీని గడ్డపారతోని సహా ఎల్లగొట్టిన. ఎవల్నీ ముట్టనియ్య. నువ్వు మూసినవు, నువ్వే తియ్యాలె. మూత లేపి ఒక దినం ఉంచుదాం. తెల్లారి దీపం నేను దించుత. ఆరకుంటె నువ్వు దిగు. దిగి, వాన్ని నాకు తెచ్చియ్యి.

నీకు కాళ్లు ఎక్కలేదని రాసినవు. భయపడకు అని నేను అనను. నాకు సుత భయమే. ఇరవై రెండేండ్లోడు, నా కండ్లల్ల ఇంక గట్లనే ఉన్నడు. బండ లేపినంక గట్ల ఉండడు. గా ముఖం పోతది. గది నేను ఒక్కదాన్ని చూడలేను. వాన్ని ఆఖరికి చూసినోడివి నువ్వే, నా పక్కకు నువ్వుండాలె.

పదహారేండ్లు వాని కోసం తొవ్వ చూసిన. ఇయ్యాల్టి సంది నీ కోసం చూస్తున్న. నాకు డెబ్బై దగ్గరవడ్డయి దేవసాయం. నన్ను గంత సేపు చూడనియ్యకు.

చంద్రవ్వ వేలిముద్ర.